గోడకెక్కబోయిన వీడియో గేమ్

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు హాల్లో గోడ చూసి, “మీ అబ్బాయి హాబీయా?” అని అడుగుతారు. మాకు పిల్లలు లేరు, హాబీ నాది. ఆ రెండు సంగతులూ ఒకేసారి విని, దేనికి మొహం ఎలా పెట్టాలో తెలీక టీ కప్పులోకి చూస్తారు. నాకది కాస్త సరదాగానే ఉంటుంది.

గోడ మీద ఉన్నవి పాత వీడియో గేములు. టీవీకి తగిలించేవి కావు, చేతిలో పట్టుకుని ఆడుకునేవి. పాడైపోయినవాటిని తెచ్చి, మరలు విప్పి, పై డొప్ప, కింది డొప్ప, తెర, మీటలు, లోపలి ఆకుపచ్చ బోర్డు, స్పీకరు దేనికది విడదీస్తాను. డొప్పల్ని సబ్బునీళ్లలో కడిగి, బోర్డుని స్పిరిట్‌తో తుడిచి, అన్నింటినీ నల్లటి అట్ట మీద ఎడం ఎడంగా అతికించి, లోతైన ఫ్రేములో పెట్టి అద్దం బిగిస్తాను. చివరికి మరలు కూడా ఒక మూల వరసగా కూర్చుంటాయి. చూసినవాళ్లు బాగుందంటారు. బాగుంటుంది కూడా, నాకు వినయం తక్కువ.

ఇది మొదలైంది చార్టర్డ్ బస్సులో. మయూర్ విహార్ నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ దగ్గర మా ఆఫీసుకి ఆ రోజుల్లో మెట్రో లేదు. నెలవారీ బస్సులో అందరం ఎవరి సీట్లో వాళ్లం కూర్చునేవాళ్లం. చలికాలం వస్తే బస్సులో ఆడవాళ్లంతా స్వెటర్లు అల్లేవాళ్లు, లేకపోతే ఒళ్లో సంచీ పెట్టుకుని బఠానీలు ఒలిచేవాళ్లు. నాకు అల్లిక రాదు, బఠానీలు ఒలిచే ఓపికా లేదు. పాలికా బజార్లో కొన్న ఇటుకల ఆట ఒకటి ఉండేది. పైనుంచి ఇటుకలు పడుతుంటే సర్దుకోవడమే పని. ఆఫీసులో చేసేదీ అదే కాబట్టి నాకు బాగా వచ్చేది.

ఒకరోజు అది చచ్చిపోయింది. ఇంటికి తెచ్చి విప్పాను. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. ముక్కలన్నీ న్యూస్ పేపరు మీద పరిచి చూస్తూ కూర్చుంటే మా ఆయన వచ్చి, “పోస్ట్‌మార్టం అయిందా? బాడీ ఎప్పుడిస్తారు?” అన్నారు. ఆ మాటకి ఒళ్లు మండి మర్నాడే తీసుకెళ్లి ఫ్రేము కట్టించాను. హాల్లో ఆయన ఎదురుగా కనపడేలా తగిలించాను.

తర్వాత ఒకరి నోటినుంచి ఒకరికి తెలిసి, నోయిడా నుంచీ గురుగ్రామ్ నుంచీ సాఫ్ట్‌వేర్ వాళ్లు వాళ్ల వాళ్ల చిన్నప్పటివి పట్టుకుని రావడం మొదలైంది. వచ్చి కూర్చుని ఎండాకాలం సెలవులూ, తాతగారి ఇల్లూ, అన్నదమ్ముల కొట్లాటలూ చెబుతారు. నేను సగం వింటాను. నాకు వస్తువుతో పని, కథతో కాదు. ఎక్కువమంది తెచ్చినవాటిలో సెల్స్ లోపలే కారిపోయి, స్ప్రింగులు తుప్పుపట్టి, పచ్చగా పొట్టు లేచి ఉంటాయి. అటకెక్కించే ముందు సెల్స్ తియ్యాలన్న జ్ఞానం ఇంజనీర్లకి ఉండదెందుకో.

నాకు ఒకటే నియమం. పనిచేసేదాన్ని విప్పను. ముందు కొత్త సెల్స్ వేసి చూస్తాను. ఏమాత్రం వెలిగినా వాపసు ఇచ్చేస్తాను. మన ఇళ్లలో ఫ్రేము కట్టి గోడకి తగిలించేది ఎవరినో అందరికీ తెలుసు. బతికున్నదాన్ని అలా ఎక్కించడం నాకు సుతరామూ ఇష్టం ఉండదు.

మా ఆయనకి పొద్దుటి నడకలో ఒక స్నేహితుడు ఉన్నారు. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరై, భార్యతో మా పక్క అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఉంటారు. ఆయన్ని పేరుపెట్టి ఎవరూ పిలవరు, పార్కులో అందరికీ సుబేదార్ సాబే. “మా ఆవిడ పాడైన ప్రతిదాన్నీ గోడకెక్కిస్తుంది, నా వంతు ఎప్పుడొస్తుందో” అని మా ఆయన ఆయన దగ్గర జోకు వేశారట. ఆయన నవ్వకుండా, “పాత వీడియో గేమ్ కూడా ఎక్కిస్తారా?” అని అడిగారట. ఆ శనివారం ఇంటికొచ్చారు.

సోఫా చివర నిటారుగా కూర్చుని, సంచీలోంచి తెల్లగుడ్డ మూట తీసి విప్పారు. లోపల ఊదారంగు వీడియో గేమ్, ఆట ఉండే క్యాసెట్టు బిళ్ల దాంట్లోనే ఉంది. అంత పాతది అంత శుభ్రంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మొహం చూసుకోవచ్చు.

“సచ్చిపోనాది మేడమ్. దీన్ని గౌరవంగా గోడకెక్కించాల” అన్నారు.

అది ఆయన కూతురిది. ఒక్కర్తే కూతురు. మేనమామ కొనిచ్చాడట. సైన్యంలో ఉన్నవాళ్లకి రెండు మూడేళ్లకోసారి బదిలీ. బడి మారేది, క్వార్టర్ మారేది, స్నేహితులు మారేవాళ్లు, మారనిది ఇదొక్కటే. పదో తరగతి పరీక్షల ముందు ఈయన దాన్ని లాక్కుని, “రిజల్ట్ వచ్చినాక ఇస్తాను” అని నల్ల ట్రంకులో పెట్టి తాళం వేశారు. అంతలో ఆయనకి కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోటికి బదిలీ అయింది. ట్రంకులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆ పిల్ల మంచి మార్కులతోనే పాసయింది. ఫోన్లో ఒకసారి అడిగింది. “ట్రంకు తియ్యనీ తల్లీ” అన్నారు. తర్వాత మర్చిపోయారు. ఈమధ్య ఇంటికి రంగులు వేయిస్తూ ట్రంకులు కదిపితే బయటపడింది.

“మళ్లీ అడగలేదా?” అన్నాను, ఏదో అనాలి కాబట్టి.

“అడగనేదు మేడమ్. ఇదే కాదు, ఆ తర్వాత ఏటీ అడగనేదు. ఏటీ.”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ పిల్ల నాన్నని అడగడం మానేసి, తనది తానే పెట్టుకోవడం నేర్చుకుంది. చదువుకి బ్యాంకు లోను తానే తెచ్చుకుంది, గురుగ్రామ్‌లో ఉద్యోగం తానే చూసుకుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా, కూతురు ఆయనకి ఆ రెండు కష్టాలూ దక్కనివ్వలేదు. పెళ్లి వాళ్లిద్దరూ చేసుకుని రిసెప్షన్‌కి పిలిచారు, ఫ్లాట్ వాళ్లిద్దరూ కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచారు. పోట్లాటేమీ లేదు. పండక్కి ఫోన్ చేస్తుంది, వస్తే కాళ్లకి దణ్ణం పెడుతుంది. మిగతా కబుర్లన్నీ వాళ్లమ్మతోనే.

“దానికి నాతో పని నేదు మేడమ్. ఒక్కపాలి ఏటైనా అడిగితే బాగున్ను” అన్నారు. ఆ మాట అన్నాక కాసేపు మా గోడ మీది ఫ్రేముల్ని చూస్తూ కూర్చున్నారు.

గృహప్రవేశం వచ్చే ఆదివారం. అప్పటికి ఫ్రేము కావాలి.

దాన్ని తనే చంపేశారేమోనని ఆయన మాటల్లో ఒకటే బెంగ. ట్రంకులో పెట్టేటప్పుడు సెల్స్ తీసే పెట్టారు, సైన్యంలో వైర్‌లెస్ సెట్టు స్టోర్‌కి అప్పగించే పద్ధతి అది. ట్రంకులోంచి తీశాక మాత్రం, కూతురికి ఇవ్వబోయే వస్తువు కాబట్టి, ఇన్‌స్పెక్షన్‌కి తయారుచేసినట్టు తయారుచేశారు. బెల్టు బకిల్‌కీ టోపీ బిళ్లకీ పట్టించే ఇత్తడి పాలిష్ తీసి, సెల్స్ పెట్టే గూట్లో స్ప్రింగుల నుంచి లోపల కనపడిన ప్రతి రేకుకీ పట్టించి రుద్దారు. తళతళలాడాయట. సెల్స్ వేస్తే వెలగలేదు.

ఆయన వెళ్లాక వెనక మూత తీసి భూతద్దం పెట్టి చూశాను. ఇత్తడి పాలిష్ ఎండితే తెల్లటి పొడి అవుతుంది. బకిల్ మీదైతే గుడ్డతో తుడిచేస్తారు. ఇక్కడ స్ప్రింగు చుట్ల మధ్యా, రేకుల సందుల్లోనూ సున్నం వేసినట్టు పేరుకుని ఉంది. కరెంటు పోవడానికి దారి లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. ఇంత శ్రద్ధగా ఒక వస్తువుని పాడుచెయ్యడం సైన్యంలో పనిచేసిన మనిషికే సాధ్యం.

పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఓపిగ్గా తుడిచాను. సెల్స్ వేసి మీట జరిపాను. తెర వెలిగింది, గంట కొట్టినట్టు ఒక చిన్న చప్పుడు వచ్చింది. వంటింట్లోంచి మా ఆయన, “ఎవరు వచ్చారు?” అన్నారు. తెర మీద, ఆపిన చోటినుంచి ఆడతారా అని అడుగుతూ ఒక మాట మెరుస్తోంది. నేను నొక్కలేదు. ఎవరి ఆట వాళ్లది.

మర్నాడు సాయంత్రం చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. మా గోడని చూసి వింత అనుకునేవాళ్లు ఆయన గోడ చూడాలి. ఒక్క దేవుడి పటం తప్ప మిగతా జాగా అంతా సైన్యం మెమెంటోలే. పనిచేసిన ప్రతి పటాలంనుంచీ ఒకటి. చెక్క డాలు మీద ఇత్తడి గుర్తు, గాజు కింద చిన్న ఖడ్గం, వెండిరంగు పళ్లెం మీద అందరి సంతకాలు. బదిలీ మీద వెళ్లిపోయేవాడికి చివరి రోజు అందరూ కలిసి ఇస్తారట. ఫోటో తీసుకుంటారు, టీ, పకోడీలు అవుతాయి, తెల్లారితే రైలు.

“బతికే ఉంది సాబ్” అని చెప్పి, వీడియో గేమ్ బల్ల మీద పెట్టి వెలిగించి చూపించాను.

సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహంలో రంగు మారింది. కాసేపు ఆ వెలుగు చూసి, “ఆపెయ్యండి మేడమ్” అన్నారు. ఆపాను.

“విప్పేసి ఫ్రేము కట్టీండి. అనుకున్నట్టే.”

“పనిచేసేదాన్ని నేను విప్పను. ఇలాగే తీసుకెళ్లి అమ్మాయి చేతికివ్వండి.”

“అలగెలా ఇస్తాను? ఫ్రేములో పెడితే ఇజ్జత్. నలుగురిలో ఇస్తాం, ఫోటో ఉంటది. చేతికిస్తే...” అని ఆగిపోయారు.

వంటింట్లోంచి ఆయన భార్య, “చేతికిస్తే సారీ చెప్పాల. అదండీ ఈయన బాధ” అన్నారు. ఆయన ఆ వైపు చూడలేదు.

“ఈ గోడ మీదవన్నీ వెళ్లిపోయేవాళ్లకి ఇచ్చినవి కదా సాబ్” అన్నాను. “అమ్మాయికీ అదే ఇస్తారా?”

నోరు జారానేమో అనిపించింది. నాకు సంబంధం లేని ఇంట్లో కూర్చుని అనాల్సిన మాట కాదు. ఆయన వీడియో గేమ్‌ని నా వైపు జరిపి, “మేడమ్, విప్పండి. ఆర్డర్ అనుకోండి” అన్నారు.

“నేను సివిలియన్‌ని సాబ్” అన్నాను.

నడిమధ్యన ఒక దారి కుదిరింది. విప్పకుండా, మొత్తం వస్తువుని అలాగే ఫ్రేములో పెట్టడం. మందమైన అట్టలో దాని ఆకారానికి సరిగ్గా గూడు కోశాను, కదలకుండా పట్టేటట్టు. అద్దం ముందు, చెక్క వెనక. వెనక చెక్కకి మేకులు కొట్టేయమన్నారు ఆయన. సరే అన్నాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదేమైనా ఉంటే, సరే అనడానికీ చెయ్యడానికీ మధ్య బోలెడు జాగా ఉంటుందన్నదే. మేకుల బదులు వేలితో తిప్పితే తెరుచుకునే రేకులు పెట్టాను. ఇచ్చేటప్పుడు తిప్పి చూపించాను కూడా. ఆయన ఒకదాన్ని వేలితో తిప్పి చూసి మళ్లీ మూసేశారు. సెల్స్ మాత్రం తీసేశాను, ఫ్రేములో సెల్స్ ఉంచడం నా పద్ధతి కాదు.

ఆదివారం మమ్మల్నీ రమ్మన్నారు. క్యాబ్‌లో ముందు సీట్లో కూర్చుని, గురుగ్రామ్ దాకా కాగితం చుట్టిన ఫ్రేముని ఒళ్లో నిలబెట్టి పట్టుకునే ఉన్నారు. డిక్కీలో పెట్టమని డ్రైవరు చెబితే, “ఠీక్ హై భయ్యా, ఠీక్ హై” అన్నారు తప్ప వదల్లేదు.

ఫ్లాట్ పద్నాలుగో అంతస్తులో. పొద్దున్నే పూజ అయిపోయింది. పాలు పొంగించిన గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. అమ్మాయి పట్టుచీరలో ఇల్లంతా తిరుగుతూ అందరికీ ఒకేలా నవ్వు పంచుతోంది. నన్ను చూసి, “నమస్తే ఆంటీ, ప్లీజ్ కమ్” అంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీయే.

సుబేదార్ సాబ్ చొక్కా సర్దుకుని, మడమలు కలిపి నిలబడి, రెండు చేతులతో ఫ్రేము అందించారు. అల్లుడు ఫోటో తీశాడు. అమ్మాయి కాగితం విప్పింది, చూసింది. “వావ్ పాపా, సో నైస్. థాంక్యూ” అంది. పూలకుండీ తెచ్చినవాళ్లకీ, గోడగడియారం తెచ్చినవాళ్లకీ అన్నది అదే. అల్లుడు దాన్ని ఖాళీగా ఉన్న కొక్కేనికి తగిలించాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆయన దాని కింద చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, కాపలా ఉన్న సిపాయిలా నిలబడ్డారు. నాకు ఆయన మీద జాలేసింది, ఆ పిల్ల మీద కోపమొచ్చింది. రెండూ నాకు అనవసరమే.

అందరూ భోజనాల మీద పడ్డారు. భార్య కేకేస్తే సుబేదార్ సాబ్ కూడా బాల్కనీ తలుపు దగ్గరికెళ్లి కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు. నేను పులిహోర, వంకాయ కూర, అన్నం, పెరుగు వడ్డించుకుని గోడ వారగా నిలబడ్డాను. అప్పుడు అమ్మాయి ఒక్కతే ఫ్రేము దగ్గరికొచ్చింది. ఇప్పుడు నవ్వడం లేదు. అద్దం మీద వేలు పెట్టి, మీటలున్న చోట అటూ ఇటూ జరిపింది.

“ఆంటీ, యే అస్లీ హై? మేరావాలా?”

“అసలుదే. నీదే.”

“చల్తా హై క్యా?”

పనిచేస్తుందని చెప్పొచ్చు. ఒక్కమాట. నా పనితనం గురించి చెప్పుకునే అవకాశం నేను మామూలుగా వదులుకోను.

“మీ నాన్నగారు అక్కడే ఉన్నారుగా, ఆయన్ని అడుగు” అన్నాను. అవసరమైన దానికంటే కాస్త కటువుగానే అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసింది. తర్వాత బాల్కనీ వైపు చూసింది. అంత చిన్న ప్రశ్నకి అంతసేపు పట్టనక్కర్లేదు. నా చేతిలో పళ్లెం బరువెక్కింది.

“పాపా” అంది. “యే చల్తా హై క్యా?”

ఆయన చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. “చల్తా హై!” అన్నారు, పెరేడ్ మైదానం అవతలికి వినపడేలా. తింటున్నవాళ్లంతా తలలెత్తారు. ఆయన గబగబా వచ్చి ఫ్రేము దించి, బల్ల మీద బోర్లించి, రేకులు ఒక్కొక్కటే తిప్పారు. గూట్లోంచి తీసి కూతురి చేతిలో పెట్టారు.

“ఇయ్యడం మర్చిపోనాను తల్లీ” అన్నారు. ఫోటో ఎవరూ తీయలేదు.

ఆ పిల్ల మీట జరిపింది. తెర నల్లగానే ఉంది. వెనక్కి తిప్పి మూత తీసి చూసి, “సెల్ నహీ హై?” అంది.

“తెస్తాను” అన్నారాయన.

“అంకుల్... అదే, పాపాజీ, యాప్‌లో ఆర్డర్ చేస్తా, పది నిమిషాల్లో వచ్చేస్తుంది” అన్నాడు అల్లుడు హిందీలో, ఫోన్ తీస్తూ. ఆయన అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నారు. లిఫ్టులో ఎవరివో సామాన్లు ఎక్కుతున్నాయి. ఆయన ఆగలేదు, మెట్ల వైపు తిరిగారు. పద్నాలుగు అంతస్తులు.

నేను పళ్లెంతో బాల్కనీలోకి వెళ్లాను. నా పక్కనే అమ్మాయి వచ్చి నిలబడింది, వీడియో గేమ్ గుండెకి ఆనించుకుని. కాసేపటికి కింద ఆయన గేటు వైపు వెళ్తూ కనిపించారు. ఆ వయసులో దాన్ని పరుగు అనలేం గానీ, నడక మాత్రం కాదు. అమ్మాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. కింద ఆయన ఆగి జేబు తడుముకోవడం కనపడింది.

“పాపా, పెన్సిల్‌వాలా సెల్ లానా, మోటావాలా నహీ” అంది, లావువి వద్దని. అవతల ఏమన్నారో వింది. ఫోన్ పెట్టెయ్యబోయి, ఆగి, ఒక్కసారి వెనక్కి తిరిగి భోజనాల బల్ల వైపు చూసింది.

“ఔర్ పాపా, దహీ భీ లేతే ఆనా.”

తెమ్మన్న పెరుగు బల్ల మీద గిన్నె నిండా ఉంది. నేను అప్పుడే దాంట్లోంచి వడ్డించుకున్నాను.